దూలం మీది నలుపు

ఆగస్టు 4, సోమవారం

నేను చెప్పింది చెప్పినట్టే రాయమని జైనబీకి ముందే చెప్పాను. నాకు చదువు రాదు. ఆమె కడప పిల్ల, పది దాకా చదివింది, ఈ ఇంట్లో వంట చేస్తుంది. నేను మా యాసలో చెబితే ఆమె పుస్తకంలో మాటలుగా మార్చి రాస్తుందట. అట్లా రాయడమే తనకు వచ్చునట. సరే. మాట మారితే మారనీ, సంగతి మారకూడదు.

"ఎవురికి చూపించేదానికవ్వా ఇది?" అని అడిగింది.

"ఎవురికీ కాదు. నాకే."

"నీకు చదవను రాదు కదా!"

"రాకపోతే ఏం మే? ఉండాదని తెలిస్తే చాలు. నువ్వు రాయి."

నా పేరు రామలక్ష్మి. ఊరు కాళహస్తి. వయసు అరవై మూడో, అరవై అయిదో. ఈ అరబ్బు దేశంలో, సీబ్‌లో ఈ ఇంటికి వచ్చి ఇరవై నాలుగేళ్ళు. వచ్చినప్పుడు అస్రాకు తొమ్మిదేళ్ళు, అప్పటికే తల్లి లేదు. నేనే తల దువ్వాను, నేనే బడికి పంపాను. ఇప్పుడు అస్రా అల్ ఖువైర్‌లో పెద్ద ఆఫీసులో ఆఫీసరు, ఈ ఇంటికి యజమానురాలు. వాళ్ళ నాయన, నేను పెద్దాయన అంటాను, మొన్న చలికాలంలో కన్నుమూశాడు. మూడేళ్ళు మంచం మీద ఉన్నాడు. ఆ మూడేళ్ళూ ఆయనకు నోట్లో ముద్ద పెట్టింది నేను.

ఇక ఈ గొడవ. పెద్దాయన వయసులో ఉన్నప్పుడు ఇంగ్లండులో ఉద్యోగం చేశాడు. అక్కడి ఇంట్లో చలికి పొయ్యి, ఆ పొయ్యి మీద గోడకు అడ్డంగా ఒక దూలం. ఓక్ చెక్క. ఒకటే మాను, అతుకు లేదు. ఆ ఇల్లు పడగొడుతుంటే దూలాన్ని ఓడలో వేయించి తెచ్చుకున్నాడు. ఇరవై ఏళ్ళు స్టోరు గదిలో గోనెపట్టాలో పడి ఉంది. ఇప్పుడు అస్రా హాల్లో పొయ్యి కట్టించింది. నేల మీద కాలు పెడితే బొబ్బలెక్కే ఊళ్ళో పొయ్యి! అందులో నిప్పు ఉండదు, ఎర్ర లైటు ఆడుతుంది. దాని మీద నాయన దూలం పెట్టించింది. సరే, కూతురు. ఆమె ఇష్టం.

నిన్న వడ్రంగి గులాం నబీ దూలాన్ని గోడకు బిగించి, ఉప్పుకాగితంతో రుద్ది, తేనె రంగుకు తెచ్చాడు. గురువారం వచ్చి నూనె పట్టిస్తాను, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దు, నీళ్ళు అసలే వద్దు అని చెప్పి పోయాడు.

పొద్దున చూస్తే కుడివైపు జానెడు మేర నల్లగా ఉంది. కాటుక పూసినట్టు.

అందరూ నా వైపు చూశారు. అందరూ అంటే అస్రా, జైనబీ.

నేను గుడ్డతో తుడిచాను. అంతే.

ఆగస్టు 5, మంగళవారం

నిన్న అస్రా మూడు గంటలకు ఆఫీసు నుంచి వచ్చింది. చెప్పులు విడవకుండానే దూలం దగ్గరికి పోయింది. నలుపు మీద వేలు పెట్టి, ఆ వేలు చూసుకుని, నా వైపు తిరిగి "మిన్?" అంది. ఎవరు అని. కోపం వస్తే అస్రాకు అరబ్బీయే వస్తుంది. మనసు నొచ్చుకుంటే నా దగ్గర నేర్చుకున్న తెలుగు వస్తుంది. నిన్న వచ్చింది అరబ్బీ.

నేను భయపడలేదు. ఎందుకు భయపడాలి? నాకు ఆ నలుపు ఏమిటో తెలుసు. ఈ ఇంట్లో నాకు ఒక్కదానికే తెలుసు.

కాళహస్తిలో మా అత్తది కలంకారీ గుడ్డలు ఉతికే పని. నేను కాపురానికి పోయిన మొదటి ఏడాదే ఆ పనిలో దిగాను. గుడ్డను కరక్కాయ నీళ్ళలో, గేదెపాలలో ముంచి ఎండబెడతారు. అది పసుప్పచ్చగా ఉంటుంది. పాత ఇనుప ముక్కలు, బెల్లం కుండలో వేసి, నీళ్ళు పోసి, ఇరవై రోజులు మురగబెడతారు. దాన్ని కసీం అంటారు. చూస్తే మురికినీళ్ళు, రంగే ఉండదు. కలం దాంట్లో ముంచి గుడ్డ మీద గీస్తే, గీసిన చోట కళ్ళ ముందే నలుపు తేలుతుంది. కరక్కాయ, ఇనుము, నీళ్ళు, మూడూ కలిస్తే నలుపు. ఒక్కటి తక్కువైనా రాదు.

ఆ ఓక్ చెక్కలో కరక్కాయ వగరు ఉంది. మొన్న రుద్దుతుంటే వచ్చిన పొడి నాలుక మీద వేసుకుని చూశాను. అదే వగరు. సీబ్‌లో సముద్రపు గాలి, ఆగస్టు నెల, గోడలు కూడా చెమట పోస్తాయి, కాబట్టి నీళ్ళకు కొదవ లేదు. ఇక ఇనుము ఎవరిది? వడ్రంగిది. వాడి మేకుల డబ్బా ఆదివారం సాయంత్రం దాకా దూలం మీదే ఉంది. నేను చూశాను.

ఇదంతా నాకు వచ్చిన హిందీలో, అరబ్బీలో అస్రాకు చెప్పాను. ఆమె నిలబడి విన్నది. "పెద్ద లాయరువి లచ్మీ" అంది. వర్క్‌షాప్ యజమానికి ఫోన్ చేసింది.

ఇది రాస్తూ జైనబీ పెన్ను ఆపింది. "డబ్బా గుండ్రంగా ఉంటాది గదవ్వా, మరక చారలు చారలుగా ఉండాదే?"

"నువ్వు రాసేదానికి వచ్చినావా, అడిగేదానికి వచ్చినావా?"

"రాస్తా ఉండాలే. నువ్వు గుడ్డతోనే గదా తుడిచింది?"

"గుడ్డతోనే. రాయి."

గుడ్డతోనే తుడిచాను.

ఆగస్టు 6, బుధవారం

జైనబీ వంటింట్లో ఇనుప పీచు కనబడలేదని పొద్దుటి నుంచి సతాయిస్తోంది. పెద్ద గిన్నె అడుగంటిందట, తోమడానికి లేదట. నాకేం తెలుసు. ఈ ఇంట్లో పీచుకు కూడా నేనే జవాబు చెప్పాలా?

ఆగస్టు 7, గురువారం

గులాం నబీ వచ్చాడు. పాకిస్తాన్ మనిషి, యాభై దాటి ఉంటాడు, గడ్డం సగం తెల్లబడింది. నాకంటే చిన్నవాడే. నన్ను అమ్మాజీ అంటాడు. ఆ పిలుపు నాకు మొదటి నుంచి నచ్చదు.

వచ్చీ రాగానే అరవలేదు, నేను కాదు అనలేదు. నిచ్చెన వేసుకున్నాడు, జేబులోంచి భూతద్దం తీసి నలుపు మీద పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. నేను కింద నిలబడి పైకి వినబడేటట్టు అన్నాను, "మేకుల డబ్బా ఎవరన్నా చెక్క మీద పెడతారా? అది చెక్కా, నీ బల్లా?"

"తప్పే అమ్మాజీ. పెట్టకూడదు" అన్నాడు.

సన్న చాకు తీశాడు. చెక్క నరాల మధ్య నుంచి ఏదో లాగాడు. తెల్ల కాగితం మీద పెట్టాడు. మళ్ళీ లాగాడు, పెట్టాడు. నిచ్చెన దిగి, కాగితం నా ముందు పట్టుకున్నాడు. నాకు ఏమీ కనబడలేదు. ఉత్త కాగితం.

"ఏముంది?" అన్నాను.

నన్ను చూశాడు. కాగితం చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. నా చెయ్యి పట్టుకుని, వేలి కొస కాగితం మీద ఆనించాడు. సన్నగా గుచ్చుకుంది. వెంట్రుక లాంటిది. గట్టి వెంట్రుక.

అస్రా లోపలి నుంచి వచ్చింది. "ఏమైంది?"

గులాం నబీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఏం లేదు మేడమ్. నా డబ్బా వల్లే. మళ్ళీ రుద్దుతాను."

ఈరోజుకు ఇంతటితో రాయడం ఆపమన్నాను.

ఆగస్టు 8, శుక్రవారం

వాడెవడు నా మీద జాలి పడడానికి?

నేను వాడిని అడిగానా? వాడి చేతులు పట్టుకున్నానా, కాళ్ళు పట్టుకున్నానా? ఇరవై నాలుగేళ్ళలో ఈ ఇంట్లో నా మాట కాదన్నవాళ్ళు లేరు. పెద్దాయనే నేను కేకేస్తే మందు మింగేవాడు. నిన్న మొన్న వచ్చిన వడ్రంగి నా తప్పు తీసి జేబులో వేసుకుంటాడా? నా తప్పు అని రాశావా జైనబీ? కొట్టెయ్యి. వద్దు, ఉండనీ.

వర్క్‌షాప్ యజమాని అస్రాకు ఫోన్ చేశాడు. స్పీకరులో పెట్టి మాట్లాడింది, జైనబీ కూడా విన్నది. గులాం నబీ మీద ఇది రెండో ఫిర్యాదు అట. ఆదివారం తానే వచ్చి చూస్తాడట. పనివాడు తప్పు ఒప్పుకున్నాడు కాబట్టి వీసా క్యాన్సిల్ చేసి పంపించేస్తాడట. ఆరేళ్ళుగా ఇక్కడే ఉన్నాడట వాడు.

అస్రా "ఖలాస్, అలాగే" అంది. ఆ ఒక్క మాటతో అయిపోయింది.

జైనబీ వంటింట్లోకి పోయి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది, కత్తి చప్పుడు హాలు దాకా వినబడింది.

ఆగస్టు 9, శనివారం

నేను గుడ్డతో

ఆగస్టు 9, మళ్ళీ

రాయి. మధ్యలో అడగొద్దు.

ఆదివారం గులాం నబీ పోయాక నేను దూలం మీద చెయ్యి పెట్టాను. పెద్దాయన మంచం మీద ఉన్నప్పుడు ఆ చెక్క గురించి చెప్పేవాడు. చలికాలంలో దానికి మోచెయ్యి ఆనించి నిలబడేవాడట, పసిపిల్ల అస్రాను భుజాన వేసుకుని. అది ఈ గోడకు ఎక్కడం చూసేదాకా బతకలేదు. అందుకని చెయ్యి పెట్టాను. కుడివైపు గరుకుగా తగిలింది. సున్నం. గోడకు పూసినప్పుడు చిందినట్టుంది. ఆయన మోచెయ్యి పెట్టిన చెక్క మీద సున్నం ఏమిటని, వంటింట్లోకి పోయి ఇనుప పీచు తెచ్చి, తడిపి, బాగా రుద్దాను. గీరుకుపోయేదాకా రుద్దాను. తర్వాత తడిగుడ్డతో తుడిచాను. గుడ్డతో తుడిచింది అబద్ధం కాదు. పీచు నేను చెప్పలేదు, అంతే. పీచును సంచిలో చుట్టి బయట చెత్తలో పడేశాను.

ఇనుము, నీళ్ళు, కరక్కాయ. పొద్దున నలుపు చూడగానే నాకు తెలిసిపోయింది. వడ్రంగి మీద చెప్పిన ప్రతి మాటా నా మీద నేను చెప్పుకున్న సాక్ష్యమే.

(ఇక్కడ అవ్వకు టీ ఇచ్చినాను. తాగలేదు. జైనబీ)

ఇంకొకటి కూడా ఉంది, అది చెబితేనే లెక్క సరిపోతుంది. పీచు విరిగి, దాని నూగు చెక్క నరాల్లో ఇరుక్కుంది. కళ్ళున్నవాళ్ళకైతే తళతళా మెరిసి ఉండేది. నాకు కనబడలేదు. ఏడాదిగా నా కళ్ళ ముందు పాలు పోసినట్టు ఉంటోంది. కుడికన్ను మరీనూ. హాల్లో వెలుతురు తక్కువ, వెలుతురు తక్కువ అని అందరితో అంటూ వచ్చాను. వెలుతురు బాగానే ఉంది. మేకుల డబ్బా సాయంత్రం దాకా ఉందని చూశాను అన్నాను కదా, చూడలేదు. తీసేటప్పుడు చప్పుడు విన్నాను.

తప్పు ఒప్పుకుంటే కళ్ళ సంగతి బయట పడుతుంది. కళ్ళు పోయిన పనిమనిషిని ఎవరు పెట్టుకుంటారు? ఇంటికి పంపిస్తారు. కాళహస్తిలో చెల్లెలి ఇంట్లో ఒక మూల ఉంది నాకు. ఆ మూలలో నాకు పని లేదు. పని లేని చోట నేను ఎప్పుడూ ఉండలేదు. నాకు చేతకాదు.

"పై పేజీల్లో గుడ్డతో అని మూడు తూర్లు రాసినాను అవ్వా. కొట్టేద్దునా?" అంది జైనబీ.

"వద్దు. అట్లనే ఉండనీ. పీచుతో అని దీనికింద రాయి."

పీచుతో.

"నాకు ఆ పొద్దే తెలుసు" అంది జైనబీ.

"తెలిసి ఎందుకు రాసినావే అబద్ధం?"

"చెప్పింది చెప్పినట్టే రాయమన్నావు గదా."

ఆగస్టు 10, ఆదివారం

యజమాని వచ్చాడు, తెల్ల బట్టలు, అత్తరు వాసన. గులాం నబీ వెనక నిలబడ్డాడు, టోపీ చేతిలో పట్టుకుని. అస్రా ఈ పూట ఆఫీసుకు ఆలస్యంగా పోతానని చెప్పి కూర్చుంది. దూలం చూపించింది. యజమాని తల ఊపాడు.

నేను ట్రేలో కహ్వా, అదే అరబ్బు కాఫీ, పట్టుకుని వచ్చాను. ట్రే కింద పెట్టాను.

"మిన్ అని అడిగావు కదా ఆ రోజు?" అన్నాను అస్రాతో. "అనా."

నేను అని. అరబ్బీలో నాకు బాగా వచ్చిన మాటే. బల్ల ఎవరు తుడిచారు, అనా. పెద్దాయనకు మందు ఎవరు వేశారు, అనా. ఇరవై నాలుగేళ్ళుగా చెబుతున్నదే. ఆ మాట అంత బరువుగా ఎప్పుడూ లేదు.

పీచు సంగతి చెప్పాను. ఈ మనిషి జేబులో కాగితం ఉంది, తీయించి చూసుకోండి అన్నాను. గులాం నబీ, "అమ్మాజీ, వదిలెయ్యండి" అన్నాడు.

"నువ్వు నోరు ముయ్యి. నీ జాలి నీ జేబులోనే పెట్టుకో, కాగితం మాత్రం తియ్యి" అన్నాను.

తీశాడు. యజమాని చూశాడు. అస్రా చూసింది. యజమాని లేచి, కహ్వా తాగకుండానే, గులాం నబీ భుజం తట్టి బయటికి తీసుకుపోయాడు. పంపించడని అప్పుడే తెలిసింది.

అస్రా నా వైపు నడిచి రాలేదు. ఉన్నచోటే ఉండి చెయ్యి ఎత్తింది. "ఎన్ని వేళ్ళు?"

హాలు ఆ కొస నుంచి ఈ కొసకు. నాకు తెల్లటి మబ్బు కనబడింది, అందులో అస్రా ఆకారం.

"నీ వేళ్ళు నేను పెంచినవి. ఎన్నో నాకు తెలుసు, చూడక్కరలేదు" అన్నాను.

"అబద్ధం వద్దు లచ్మీ." తెలుగులో అంది.

ఆగస్టు 12, మంగళవారం

నిమ్మకాయలు. కలంకారీ పనిలో నలుపు తప్పుగా పడితే మా అత్త నిమ్మరసం అద్ది తీసేది. దూలం బాగు చెయ్యడానికి మళ్ళీ వచ్చిన గులాం నబీకి అది చెబితే నమ్మలేదు. నేనొక చిన్న చోట చేసి చూపించాను. కాసేపటికి "సుభానల్లా" అన్నాడు.

ముందు చాకుతో నూగు అంతా ఏరాడు, రెండు పూటలు పట్టింది. తర్వాత నిమ్మరసం నేను అద్దాను, మంచి నీళ్ళ గుడ్డతో వాడు తుడిచాడు. ఇనుము దగ్గరికి రానివ్వలేదు ఈసారి, చాకును కూడా పంపించేశాను. జైనబీ నలభై నిమ్మకాయలు పిండింది, చేతులు మంటలు అని తిట్టుకుంటూ. నలుపు బూడిద రంగయింది. బూడిద లేత బూడిద అయింది. అదంతా జైనబీ చెబుతోంటే వింటున్నాను.

ఆగస్టు 19, మంగళవారం

చెక్క ఆరింది. గులాం నబీ మళ్ళీ ఉప్పుకాగితం పట్టి, నూనె పట్టించాడు. చెక్క నరం ఎటు పోతే అటే చెయ్యి పోవాలి, అడ్డంగా పోకూడదు. పలచగా పూసి, చెక్క తాగినంత తాగాక మిగిలిందంతా తుడిచెయ్యాలి. ఎక్కువ పూస్తే జిగటగా ఉండిపోతుంది. ఒకరోజు ఆగి మళ్ళీ. అట్లా మూడుసార్లు.

నూనె గుడ్డలను నీళ్ళ బకెట్టులో వేశాడు. ఉండగా చుట్టి పడేస్తే వాటికవే నిప్పంటుకుంటాయట. నేను నవ్వాను. "నవ్వకండి అమ్మాజీ, మా వర్క్‌షాప్‌లో ఒక మూల కాలిపోయింది, అదే నా మొదటి ఫిర్యాదు" అన్నాడు. వాడు కూడా నవ్వాడు.

"నువ్వు నిజం ఎందుకు చెప్పలేదు ఆ రోజు?" అని అడిగాను.

"కాగితం మీద ఇనుము మీకు కనబడలేదు. ఆ సంగతి మీ మేడమ్ ముందు బయటపెట్టడం నా పని కాదు."

నా చేతిలో ఉన్న నూనె గుడ్డ కూడా తీసుకుపోయి వాడి బకెట్టులో వేశాను.

ఆగస్టు 31, ఆదివారం

కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది అస్రా. రెండు కళ్ళకూ శుక్లాలు. ఆపరేషన్ చేయాలి. కారులో వస్తూ చెప్పింది: "ఊరికి పో లచ్మీ. అక్కడ చేయించుకో. ఇక పని చాలు." ఆపరేషన్ తాను చూసుకుంటానంది. ఇంకా ఏదేదో చెప్పింది. మంచి మాటలే. నేను కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. ఏం కనబడుతుంది? ఎండ.

సెప్టెంబరు 14

అలసటగా ఉంది. రాసేదేమీ లేదు.

అక్టోబరు 2, గురువారం

ఎల్లుండి ప్రయాణం. టికెట్టు జైనబీ చదివి చెప్పింది, రెండుసార్లు చదివించుకున్నాను.

దూలం సంగతి జైనబీకి అప్పగించాను. తడిగుడ్డ వద్దు. పొడి మెత్తగుడ్డ, అంతే. వేడి గ్లాసు పెట్టనివ్వొద్దు. ఆర్నెల్లకోసారి ఒక చుక్క నూనె, నరం వెంట. పీచు ఇంట్లోకే రానివ్వొద్దు, గిన్నెలకు కొబ్బరి పీచు వాడుకో. "గిన్నెలు గూడా నీ చెప్పుచేతల్లోనేనా అవ్వా, నువ్వు పోయినంక కూడా?" అంది. అవును అన్నాను.

ఇప్పుడే హాల్లోకి పోయి చివరిసారి తుడిచి వచ్చాను. కళ్ళు మూసుకున్నాను, తెరిచినా ఒకటే కదా అని. ఎడమ కొస నుంచి కుడి కొస దాకా అరచెయ్యి జరిపాను. నున్నగా ఉంది, పెద్దాయన మోచెయ్యి పెట్టినప్పుడు కూడా ఇట్లాగే ఉండి ఉంటుంది. నలుపు ఉన్న చోటు ఎక్కడో నా చేతికి దొరకలేదు. రెండోసారి జరిపాను. దొరకలేదు.

"పోయిందా మే పూర్తిగా?" అని అడిగాను.

జైనబీ దగ్గరికి పోయి చూసినట్టుంది. చాలాసేపు పట్టింది. పోయింది అని చెప్పొచ్చు. చెబితే నేను నమ్ముతాను, వేరే దారి లేదు నాకు.

"రోంత ఉండాదవ్వా" అంది.

ఉన్నది ఉన్నట్టే రాయమన్నాను.

కొద్దిగా ఉంది.